గొంతు తగ్గించిన రోజు

మా వీధిలో ఫోన్‌లో మెల్లగా మాట్లాడేవాళ్లు లేరు. ప్రొద్దుటూరులో నేను కాపురానికి వచ్చిన ఈ వీధిలో సగం ఇళ్ల నుంచి ఎవరో ఒకరు కువైట్‌లోనో ఖతర్‌లోనో ఉంటారు. సముద్రం అవతలి మనిషితో మాట్లాడాలంటే అరవాలని వీళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. ఫోన్లు మారాయి, మనిషి ముఖం కనబడే కాల్స్ కూడా వచ్చాయి, అరుపులు మాత్రం తగ్గలేదు. ఎవరింట్లో ఏం కూరో, ఎవరి కోడలికి నీళ్లాడే రోజులు దగ్గరపడ్డాయో, ఎవరి జీతం ఆగిపోయిందో నేను గడప దాటకుండానే తెలుసుకునేదాన్ని. "ఈళ్లకు ఫోన్లెందుకే? మిద్దెక్కి అరిస్తే కువైటోళ్లకు ఇనపడదా?" అని నవ్వేవాడు మా ఆయన. అలా నవ్వేవాడి పెళ్లాన్ని నేనూ కొన్నాళ్లకు అందరికంటే గట్టిగా అరవడం నేర్చుకున్నాను.

మా ఆయనది బంగారు పని. ఇంటి ముందు గదే ఆయన అంగడి. కమ్మలకు రాళ్లు పొదగడంలో ఆయన చెయ్యి మంచిదని పేరు. ఆ ఏడు ఎండలు ముదిరాక ఒకరోజు పని మధ్యలో పట్టకారు కింద పెట్టి, "ఏందే ఇది, కుడికంటికి నల్లగుడ్డ అడ్డం పెట్టినట్టుండాది" అన్నాడు. ఎడమకన్ను ఆయనకు చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రమే. తిరుపతిలో చూపిస్తే, కంటి వెనక పొర ఊడుతోందని, వెంటనే ఆపరేషన్ చేస్తే చూపు నిలబడుతుందని, ఆలస్యం చేస్తే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు చెప్పాడు. మా పెళ్లికి ఆయన రాత్రింబవళ్లు కూర్చొని చేసిన గొలుసు ఒకటి నా మెడలో ఉండేది. దాన్ని ఆయనే తీసుకుపోయి అమ్మి, డబ్బు నా బ్యాంకులో వేసి వచ్చాడు. "కన్ను బాగయితే ఇట్లాటివి ఎన్నయినా చేస్తా" అన్నాడు.

ఇక్కడ మా పక్కింటి వదిన గురించి చెప్పాలి. వాళ్లు ముస్లింలు, మేం కంసాలులం. మేం ఈ వీధికి వచ్చిన కొత్తలో ఆమె మొగుడు మా ఆయనను "ఏం బావా" అని పలకరించాడు. ఆ ఒక్క పిలుపుతో వరసలన్నీ కుదిరిపోయాయి. అతను నాకు అన్న, ఆమె నాకు వదిన. అన్న కువైట్‌లో ఉంటాడు. వదిన ఇంట్లో చీరల వ్యాపారం చేస్తుంది. మంచి వ్యాపారమే. నోరు మాత్రం మహా చెడ్డది. అందులో దాపరికం అనే సరుకు అసలు ఉండదు.

ఆమె తమ్ముడు ఒకడు జమ్మలమడుగులో ఉంటాడు. కొన్నేళ్ల కిందట అతనికి ఖతర్‌లో పెద్ద హోటల్లో ఉద్యోగం ఇస్తున్నామని మెయిల్ వచ్చింది. పైన జెండా, కింద ముద్ర, అడ్డంగా సంతకం. మొదట వైద్య పరీక్షలకన్నారు, తర్వాత వీసాకన్నారు, తర్వాత ఇంకేదో అన్నారు. డబ్బు కట్టినన్నాళ్లూ రోజూ మెయిల్ వచ్చింది. కట్టడం ఆపగానే ఆ హోటలే లేకుండా పోయింది. కట్టింది వదిన. మోసపోయినవాళ్లు నలుగురికీ తెలియకుండా కడుపులో పెట్టుకుంటారు. ఈమె ఊరంతా చెప్పుకుంది. చీరలు కొనడానికి వచ్చినవాళ్లకు చీర కొంగు విప్పి చూపించేలోపు కథ సగం అయిపోయేది. ముందు ఆ దొంగలను తిట్టేది, తర్వాత తమ్ముణ్ని, చివరికి తనను.

నేను అప్పట్లో జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పడానికి రోజూ బస్సులో పోయేదాన్ని. తమ్ముణ్ని చూడటానికి ఆమె అదే బస్సు ఎక్కిన రోజున ఆ కథ డ్రైవరు దాకా పోయేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

"వదినా, బస్సులో అందరికీ ఎందుకు చెప్పేది?"

"ఇంటే వాళ్లకు మంచిది. ఇనకపోతే నా కడుపుమంటన్నా తగ్గుతాది. నీకేం నొప్పి?"

ఇక మా తమ్ముడు. పులివెందుల దగ్గర మా చిన్నమ్మవాళ్లకు చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉంది. ఆమె కొడుకు ఇంటర్ చదువుకు వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. మాకు పిల్లలు లేరు. తమ్ముడన్న మాటే గానీ, నా మట్టుకు వాడు అంతకంటే ఎక్కువ. చదువుకున్నది తక్కువ, వదిన ఇంట్లో బిర్యానీ వాసన పట్టి గోడ దూకింది ఎక్కువ. వాళ్లిద్దరికీ రోజూ ఒక మాట నడిచేది. వీడు కనబడగానే ఆమె, "ఏమి మరిదీ, ఇంగా బతికే ఉండావా?" అనేది. వీడు చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, "నీ నలభై దినాల అన్నం తినే గదా నేను పోయేది!" అని బదులిచ్చేవాడు. చచ్చినవాళ్ల పేరు మీద నలభయ్యో రోజున పెట్టే భోజనం అది. కోస్తా వైపు నుంచి వచ్చిన మా బడి టీచరమ్మ ఒకరు ఒకసారి ఇది విని బిత్తరపోయింది. మాకు అది "బాగున్నావా" అన్నట్టే. తోటలో బోర్లు ఎండిపోయాక వాడు డ్రైవరుగా కువైట్ పోయాడు. పోయాక కూడా, నాకు ఫోన్ చేస్తే గోడ మీద నుంచి ఆమె అరిచే ఆ మాటకు బదులు చెప్పకుండా పెట్టేవాడు కాదు.

తిరుపతి ప్రయాణం ఎల్లుండి అనగా, నేను బడికి సెలవు పెట్టి బట్టలు సర్దుతున్నాను. మా ఆయన నడింట్లో డాక్టరు చెప్పినట్టు తల కదపకుండా పడుకొని ఉన్నాడు. టిఫిను గిన్నెలు కూడా ఇంకా కడగలేదు. ఫోన్ మోగింది. కొత్త నంబరు, ముందు అంకెలు మన దేశానివి కావు.

"అక్కా, బాగున్నావా?"

"బాగుండాం. ఎవరూ?"

"ఏందక్కా, నన్నే గుర్తుపట్టలేదా? అంతేలే. దూరం పోయినోణ్ని ఎవరు గుర్తు పెట్టుకుంటారు?"

అయినవాళ్లను గుర్తుపట్టకపోవడం మా దిక్కున చిన్న తప్పు కాదు. పెళ్లిలో ఏ ముసలావిడో గడ్డం పట్టుకొని "నేనెవరో చెప్పు సూద్దాం" అంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. తెలియదంటే ఆమె మళ్లీ మన గడప తొక్కదు. అందుకని మేమంతా ఏం చేస్తామంటే, తెలిసినట్టే నవ్వి, ఏదో ఒక వరస మేమే అందిస్తాం. ఆ రోజు నేను చేసిందీ అదే.

"ఒరే, తమ్ముడా? కువైట్ నుంచేనా?"

"అవునక్కా, నేనే" అన్నాడు. అనేసి ఏడ్వడం మొదలుపెట్టాడు.

తలుపు గొళ్లెం నేనే లోపలి నుంచి తీసి పెట్టానన్నమాట. ఆ తర్వాత వాడికి కష్టం లేకపోయింది. బండి ఎవరికో తగిలిందట. పోలీసులు పట్టుకున్నారట. ఇది పక్కనున్న స్నేహితుడి ఫోనట. మధ్యాహ్నంలోపు డబ్బు కడితే వదిలేస్తారట, లేకపోతే జైలేనట. రేపు సాయంత్రానికల్లా తన యజమాని ఇస్తాడు, తిరిగి పంపేస్తానన్నాడు. "అమ్మకు చెప్పొద్దక్కా, తట్టుకోలేదు. ఎవరికీ చెప్పొద్దు. నా పాత నంబరుకు చేయొద్దు, అది పోలీసుల దగ్గరుంది. ఫోన్ పెట్టేయొద్దు."

గొంతు తేడాగా ఉంది. "గొంతు అట్లుందేందిరా?" అని అడిగాను కూడా. ఏడ్చి ఏడ్చి ఇట్లయిందన్నాడు. నిజమే గదా అనుకున్నాను. మాట కూడా మా మాటలా లేదు. అన్ని జిల్లాల వాళ్లతో ఒకే గదిలో ఉంటాడు, మారి ఉంటుందిలే అనుకున్నాను. డబ్బు వేయమన్న ఖాతా ఎవరిదో ఉత్తరాది పేరుతో ఉంది. స్నేహితుడిది కాబోలు అనుకున్నాను. వాడు ఒక్కో అబద్ధం చెబుతుంటే దానికి తగిన కారణం నేను వెతికి పెడుతూ వచ్చాను.

లోపల మా ఆయన కన్ను. ఫోన్‌లో తమ్ముడి ఏడుపు. ఆ డబ్బు తప్ప మాకు ఇంకో దారి లేదు. రేపు సాయంత్రానికి వస్తుందంటున్నాడు గదా, ప్రయాణం ఎల్లుండి గదా అని నాకు నేను చెప్పుకున్నాను. రాకపోతే అన్న మాట గొంతులోకి వచ్చింది, మింగేశాను. మా ఆయనకు వినబడకూడదని పెరట్లోకి పోయాను. గొంతు తగ్గించి, "పంపుతా నాయనా, ఏడ్వవాకు" అంటూ డబ్బులు పంపే యాప్ తెరిచాను.

పెరట్లో మాకూ వదినవాళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే. ఆమె ఆ గోడ మీద పట్టుచీరలు గాలికి ఆరేస్తోంది.

"మే, ఎవరితోమే ఆ గుసగుసలు?"

"ఎవరూ ల్యా వదినా."

"నీ గొంతు మైదుకూరు రోడ్డు దాకా ఇనపడేది. ఇయ్యాల గోడ పక్కనుండే నాకే ఇనపల్యా. ఎవరు సచ్చినారు చెప్పు?"

నేను చెయ్యి ఊపి పొమ్మన్నాను. పొమ్మంటే పోయే మనిషయితే ఈ రోజు ఇది రాయాల్సిన పని లేదు. చీర అలాగే గోడ మీద వదిలేసి, సందులోంచి తిరిగి మా వాకిట్లోంచి నేరుగా పెరట్లోకి వచ్చింది. నా ముఖం చూసింది. నేను ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, ఏడుస్తూ నాలుగు ముక్కల్లో చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నాడని కూడా చెప్పాను.

"ఎవరికీ చెప్పొద్దన్న్యాడా?" అంది. నా చేతిలోంచి ఫోన్ లాక్కొని స్పీకర్ పెట్టి, రోజూ గోడ మీద నుంచి అరిచినట్టే అరిచింది.

"ఏమి మరిదీ, ఇంగా బతికే ఉండావా?"

అవతల ఏడుపు ఆగింది.

"ఎవరండీ మీరు? మేడం, అక్కకు ఫోనివ్వండి. టైం లేదు. ఇది మా ఫ్యామిలీ విషయం."

వదిన నా వైపు చూసింది. అయినా నా మనసు ఒప్పుకోలేదు. "భయంలో ఉండాడు వదినా, ఎగతాళికి బదులిస్తాడా?" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. ఫోన్‌లో మళ్లీ మెత్తగా అడిగింది.

"భయపడవాకు మరిదీ. దుడ్లు నేనే ఇస్తా. నేనెవరో ఒక్క మాట చెప్పు సాలు."

"మీరు... మా పెద్దమ్మ గదా?"

మరిదీ అని పిలిచినామె పెద్దమ్మ ఎట్లవుతుంది? వదినకు మహా అయితే నాకంటే నాలుగేళ్లు ఎక్కువ. ఇంకో రోజయితే నేను కడుపు పట్టుకొని నవ్వేదాన్ని. అంతలో ఆ గొంతు మారిపోయింది. "అక్కా, నీ చేతులతో నీ తమ్ముణ్ని జైలుకు పంపుతున్నావు, గుర్తు పెట్టుకో" అన్నాడు. వాడు మా వాడు కాదని అప్పటికే తెలుసు. తెలిసినా ఆ మాటకు ఫోన్ కోసం చెయ్యి చాచాను. వదిన ఫోన్ కట్ చేసింది. అది మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. ఆమె దాన్ని పెరట్లో ఉతకడానికి వేసిన బట్టల మూట కింద తోసి మూట మీద కూర్చుంది. కూర్చొని తన ఫోన్‌లో మా తమ్ముడి పాత నంబరుకు చేసింది.

ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. ఎత్తలేదు. కింద మూటలో నా ఫోన్ మోగుతూనే ఉంది. నేను ఆమె మోచెయ్యి పట్టుకొని నేల మీద కూలబడ్డాను. నిజంగానే ఆ ఫోన్ పోలీసుల దగ్గరుంటే? ఆమె నా తల నిమరడం లాంటివి చేసే రకం కాదు. "పరేషాన్ గావాకు. బండి తోల్తాంటాడు" అని మాత్రం అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు కూడా సన్నబడింది.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. ఆమె ఎత్తి, సంగతి ఏమీ చెప్పకుండా అదే మాట అంది.

"ఏమి మరిదీ, ఇంగా బతికే ఉండావా?"

"నేన్యాడికి పోతా! నీ నలభై దినాల అన్నం తినే గదా నేను పోయేది! ఏంది వదినా, డ్యూటీలో ఉంటే ఇన్నిసార్లు చేస్తాండావు?"

వదిన పెద్దగా ఏడ్చేసింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నేను ఆమెను కరుచుకొని ఏడ్చాను. అక్కడ మావాడు, "ఏందప్పా, నిజంగానే ఎవరన్నా పోయినారా? చెప్పండప్పా!" అని ఒకటే అరుపు. ఆ అరుపుకు మా ఆయన గోడలు తడుముకుంటూ పెరట్లోకి వచ్చాడు.

తమ్ముడికి చెప్పాం, వాడు ఆ దొంగను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇలాంటివి చెప్పుకోవడానికి సర్కారు పెట్టిన నంబరుకు వదిన ఫోన్ చేయించింది. "దుడ్లు పోలేదు గదా" అని నేను గునిస్తే, "నీవి పోలేదు. ఇంగో ఇంట్లో పోతాయి" అంది. బ్యాంకుకు కూడా తనే నన్ను లాక్కుపోయింది.

సాయంత్రం మా ఆయనకు అంతా వివరంగా చెప్పాను. యాప్ తెరిచిన సంగతి కూడా చెప్పాను. నీ కన్ను తాకట్టు పెట్టబోయానని చెప్పడం మాటలు కాదు. ఆయన కళ్లు మూసుకునే విన్నాడు. విని, "ఇంతకూ మనోడు బాగుండాడు గదా?" అని అడిగాడు. అంతే. అలాంటి మనిషితో కాపురం చేసినందుకు నేను ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక, ఆయనకే పెట్టుకున్నాను, ఆయన చూడకుండా.

ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్లు బోర్లా పడుకోవాలన్నారు, పడుకున్నాడు. చూపు కొద్దికొద్దిగా తేటపడింది. చివరికి ఆయన మళ్లీ పనికి కూర్చున్న రోజు, మొదటి బేరం వదినది. ఆమె కమ్మలో రాయి ఊడిపోయి చాలా నెలలయింది. బజారులో ఇంతమంది పనివాళ్లుండగా ఆమె దాన్ని ఎక్కడికీ తీసుకుపోలేదు. ఒంటి కమ్మతోనే పెళ్లిళ్లకు తిరిగింది. అడిగినవాళ్లకు, "మా అన్న కన్ను బాగయినాక పెడతాడు" అని చెప్పిందట. ఈ సంగతి మాకు ఆమె చెప్పలేదు. చీరలు కొనడానికి వచ్చినవాళ్లు చెబితే తెలిసింది. దాపరికం లేని మనిషని నేను పైన రాశాను. ఇదొక్కటి దాచింది.

ఇప్పుడు నాకు కొత్త నంబరు నుంచి ఎవరు చేసి "గుర్తుపట్టలేదా" అన్నా, "పట్టలేదు నాయనా, నువ్వే చెప్పు" అంటాను. ఒకరిద్దరు నిజమైన చుట్టాలు అలిగారు. అలగనీ. జమ్మలమడుగు బస్సులో పక్క సీటావిడకు ఈ కథంతా చెబుతాను. పులివెందుల బస్టాండులో మా చిన్నమ్మ కూడా చీనీకాయల మూటల పక్కన కూర్చొని చెబుతోందట, ఆ ఫోన్ తనకే వచ్చినట్టుగా. అప్పట్లో వదిన నోరు చూసి తల కొట్టేసినట్టుండేదని చెప్పాను గదా. ఆ నోరే లేకపోతే, ఎవరికీ చెప్పొద్దన్న మాట వినగానే ఆమెకు అంత తొందరగా అర్థమయ్యేది కాదు, నేను ఈ రోజు ఇలా కూర్చొని రాసేదాన్నీ కాదు.

కమ్మ పని అయిన రోజు ఆమె మా ముందుగదిలోకి వచ్చి, దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, మూతి తిప్పింది.

"రాయి వంకరగా కూర్చుండాది అన్నా."

మా ఆయన కమ్మ తీసుకొని కుడికంటి దగ్గర పెట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తర్వాత తలెత్తి ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు.

"రాయి సక్కంగానే ఉండాది. వంకర నీ మూతిలో ఉండాదమ్మా. నాకు శానా బాగా కనపడతాండాది."

ఆమె నవ్వుతూ తిట్టడం మొదలుపెట్టింది. నేను వంటింట్లో ఉన్నాను, కువైట్‌లో ఉన్న తమ్ముడితో ఫోన్‌లో. "ఇంటివా, బావ ఏమన్యాడో ఇంటివా?" అని అరిచాను, వీధంతా వినబడేటట్టు.